కోరుట్లలో చేపలు రెండోసారి చచ్చినప్పుడు

మొన్న వానాకాలం చివర మా ఇంట్లో నలభై చేపలు చచ్చిపోయాయి. జగిత్యాలలో మేముండే మూడు గదుల ఇంట్లో నలభై చేపలు పట్టే తొట్టి ఎక్కడ పెట్టుకున్నారని మీరు అడిగేలోపే ఒప్పుకుంటాను, పదకొండు. బస్సు కండక్టరుగా బతికిన మనిషిని. చేతిలో టికెట్లు ఉన్నంతసేపూ ఉన్నది ఉన్నట్టే చెప్పేవాణ్ని. అవి సంచిలో పెట్టానంటే నా నోటికి పగ్గం ఉండేది కాదు. అయినా పదకొండు చేపలకు నలభై చావులు చెప్పడం పెద్ద అబద్ధమేమీ కాదు. ఒక్కొక్కటీ చావడానికి మూడు నాలుగు రోజులు తీసుకుంది మరి. ముందు తోక మీద ఉప్మా రవ్వ అంటుకున్నట్టు రెండు తెల్ల చుక్కలు. తర్వాత ఒంటి నిండా. రెక్కలు ముడుచుకుని అడుగున రాళ్లకు ఒళ్లు రాసుకోవడం, పైకి వచ్చి నోరు తెరవడం, మళ్లీ అడుగుకు పోవడం. మా ఇంటామె తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని, "చేపలకు తల్లి పోసినట్టున్నదయ్యా, యాపాకు ఎయ్యాల్నా?" అని అడిగింది. మామూలుగా అయితే ఆ మాట పట్టుకుని వారం రోజులు నవ్వించేవాణ్ని. ఆ రోజు నవ్వలేదు. ఆమె నా వైపు వింతగా చూసింది.

తొట్టి ఆమె కోరి తెప్పించుకున్నది. మోకాళ్ల నొప్పులతో బయట తిరగలేకపోతున్నాననీ, కదిలేదేదైనా కళ్ల ముందు ఉంటే పొద్దు పోతుందనీ అన్నది. నేను వద్దన్నాను. కరెంటు దండగ అన్నాను, నీళ్లు మార్చేదెవరు అన్నాను, దోమలు వస్తాయన్నాను. అసలు కారణం చెప్పలేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా చెప్పలేదు. చివరికి ఆమె మాటే నెగ్గింది. రెండేళ్లు బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఖాళీ తొట్టి ముందు కూడా ఆమె అదే పీట మీద కూర్చుంటుంటే చూడలేక, పొద్దున్నే సంచి పట్టుకుని, బస్టాండు వెనక గల్లీలో చేపలమ్మే దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపేది ముప్పై ఐదేళ్ల మనిషి. తడి చేతులు ఎప్పుడూ భుజం మీది తువ్వాలకు తుడుచుకుంటూ ఉంటుంది.

"గవే రకం మళ్ల పదకొండు ఇయ్యి బిడ్డా," అన్నాను.

"ఆఖరుది ఎప్పుడు సచ్చింది అంకుల్?"

"నిన్న."

"అయితే ఇయ్య."

"గదేంది? చేపలు అమ్ముతలేవా?"

"అమ్ముత. సాదుకునేటోళ్లకు అమ్ముత, సంపేటోళ్లకు కాదు." నవ్వుతూనే అన్నది. తర్వాత వేళ్ల మీద ఒక్కొక్కటీ చెప్పింది. నీళ్లన్నీ పారబోయాలి. అడుగున ఇసుక పడేయాలి, లేదా మరగబెట్టాలి. అద్దాలను దొడ్డుప్పుతో రుద్ది కడిగి ఎండకు పెట్టాలి. రెండు వారాలు దాని జోలికి పోవద్దు. ఆ తర్వాత కూడా కొత్త చేపలను నేరుగా అందులో వేయకుండా, వేరే బకెట్‌లో ఉంచి, చుక్కలు రావడం లేదని చూసుకున్నాకే వేయాలి. అవి వచ్చిన కవరులోని నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టిలో పడొద్దు. నేను అన్నింటికీ తలూపాను. ఆమె ఒక నిమిషం నా మొహం చూసింది. "నిజంగ చేస్తరా అంకుల్, చేసిన్నని చెప్తరా? మీ మొకం జూస్తే చెప్పేటట్టే ఉన్నది."

సంచి అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను. ఈ మాట నాతో అన్న రెండో మనిషి ఆమె. మొదటి మనిషి కూడా ఇదే ఊళ్లో, ఇదే పని గురించి, ఇదే మాట అన్నాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. చేపలు నా కోసం కాదు, కోరుట్లలో ఉన్న మా సత్తక్క కోసం. మా ఇంట్లో చేపలకు చుక్కలు కనబడే నాటికి సత్తక్క పోయి నెల దాటింది.

మాది సిరిసిల్ల. నాయన సాంచలు నడిపేవాడు; బయటివాళ్లు వాటిని మరమగ్గాలంటారు. అక్క బాధ చూడలేక చదువు మానుకుని కోరుట్ల వెళ్లి ఆమెకు తోడున్నానని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. చదువు నేను మానలేదు. అదే నన్ను మానుకుంది. ఇంటర్ తప్పాను. నాయన సాంచ ముందు నిలబెడితే నిలబడే నిద్రపోయాను. పోగు తెగి, బట్ట మీద జానెడు వెడల్పున కంత పడేదాకా మెలకువ రాలేదు. చుట్టూ అంత మోత ఉన్న చోట నిద్రపోవడం నా ప్రతిభ అని నేను అనుకున్నాను కానీ నాయన అనుకోలేదు. "గీడు ఈడుంటే సాంచలు గూడ నిద్రపోతయ్. సత్తి కాడికి తోలుండ్రి. ఆడ నీళ్ల గోలెం నింపినా సాలు," అన్నాడు అమ్మతో. అట్లా వెళ్లాను. అక్కకు తోడుగా అన్నది బస్సు ఎక్కాక నేను కల్పించుకున్నది.

కోరుట్ల ఇంట్లో తలుపు దాటకముందే వాసన ఎదురొచ్చేది. తడిపిన తునికాకు వాసన, దాని కింద ఘాటుగా తంబాకు వాసన. ఆ వాడలో బీడీలు చేయని ఇల్లు లేదు. పొద్దున్నే రాజవ్వత్త, అంటే బావ వాళ్లమ్మ, ఆకు కట్టల మీద నీళ్లు చల్లి తడి గోనెసంచిలో చుట్టి పెట్టేది. అన్నాలు అయ్యాక అత్తా కోడళ్లు గోడకు ఆనుకుని కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టేవాళ్లు. రేకు ముక్క పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం చుట్టి కొన మడవడం. అక్క వేళ్లు చూస్తుంటే నాకు కళ్లు తిరిగేవి. ఆమె మాత్రం చూడకుండానే చేసేది. గోళ్ల చుట్టూ చర్మం పసుపు, గోధుమ రంగుల మధ్య ఏదో రంగుకు తిరిగి ఉండేది. పెళ్లిళ్లకు గోరింటాకు పెట్టుకున్నా ఆ రంగే పైకి తేలేది. తంబాకు దుమ్ము ఇంట్లో అన్నింటి మీదా ఉండేది. పొయ్యి మీద అన్నం కుండ మూత తీసినా ముందు అదే ముక్కుకు తగిలేది. వారం రోజులు తుమ్మాను. తర్వాత అది వాసన అన్న సంగతే మరిచిపోయాను.

నేను వెళ్లే నాటికి అక్కకు ఇద్దరు పిల్లలు పోయి ఉన్నారు. మొదటివాడు కడుపులోనే పోయాడు. రెండోది ఆడపిల్ల, ఇరవై ఒక్క రోజుల తొట్టెల కూడా చేశారు, మూడో నెలలో పోయింది. అక్క ఏడ్చేది కాదు. మాట్లాడేదీ కాదు. బీడీలు చేసేది, వండేది, పడుకునేది. గంగారాం బావ అప్పుడు భివండిలో సాంచల కార్ఖానాలో పని చేస్తుండేవాడు. పిల్ల పోయాక వచ్చి, పదిహేను రోజులుండి, అక్కతో పదిహేను మాటలు కూడా మాట్లాడించలేక తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు లారీలో చేపలు పెంచే అద్దాల డబ్బ తెచ్చాడు. గాడా బట్ట నాలుగు చుట్లు చుట్టి, చంటిపిల్లను దింపినట్టు దింపాడు. అక్కడ ఆయన సేటు ఇంట్లో చూశాడట, ముసలి సేటాని పొద్దంతా దాని ముందే కూర్చునేదట. కోరుట్ల మొత్తం మీద అటువంటిది అదొక్కటే అని, చూడటానికి మెట్‌పల్లి నుంచి కూడా జనం వచ్చారని నేను చెబుతుంటాను. మెట్‌పల్లి నుంచి వచ్చింది ఒక్కరే, బావ మేనత్త. ఆమె వేరే పని మీద వచ్చింది.

చేపలు మాత్రం భివండి నుంచి రాలేదు. జగిత్యాలలో గడియారాలు బాగు చేసే యూసుఫ్ భాయ్ అనే ఆయన ఇంటి వెనక సిమెంటు గోలేలలో చేపలు పెంచేవాడు. బావ ఆయన దగ్గర ఆరు బంగారు చేపలు తెచ్చి వేసి, మళ్లీ భివండి వెళ్లిపోయాడు. మొదటి రెండు రోజులు అక్క వాటి వైపే చూడలేదు. మూడో రోజు నేను మేత వేయడం మరిచిపోయి వీధిలోకి పోయాను. తిరిగొచ్చేసరికి అక్క చాట పక్కన పెట్టి, డబ్బ దగ్గర నిలబడి ఉంది. జొన్నరొట్టె ముక్క రెండు వేళ్ల మధ్య నలిపి నీళ్లలో పెట్టింది. ఒక చేప వచ్చి రొట్టెతో పాటు వేలి కొన కూడా చప్పరించింది. అక్క "అబ్బ" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "వీనికి పండ్లు లేవురా రాజిగా," అన్నది. ఆ ఇంట్లో నేను విన్న ఆమె మొదటి పూర్తి మాట అదే.

అప్పటి నుంచి అది రోజూ అయింది. చాట ఒళ్లోంచి తీయడం, డబ్బ దగ్గరికి పోవడం, వేలు నీళ్లలో పెట్టడం. చేపలు ఆమె చీర రంగు గుర్తుపట్టి గాజు దగ్గరికి వచ్చేవి. ఒకటి నల్ల తోకది, దాన్ని "ఓ పోరీ" అని పిలిచేది. చేపలతో మాట్లాడటం మొదలుపెట్టి, నెల తిరిగేసరికి నాతో మాట్లాడింది, అత్తతో మాట్లాడింది, ఒకనాడు పక్కింటి ఆమెతో తగువు కూడా పెట్టుకుంది. ఆ తగువు విని రాజవ్వత్త కళ్లు తుడుచుకుంది. "తిట్టవట్టింది కొడుకా, ఇగ బతికింది," అని నా చెవిలో అన్నది. ఏడు నెలలు అట్లా గడిచాయి. ఈ ఏడు నెలలు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను కానీ ఎవరికీ చెప్పలేదు.

చలికాలంలో చుక్కలు వచ్చాయి. రోగం ఎక్కడిదో నాకు తెలియదని అప్పుడన్నాను. అంతకు వారం ముందే వాగులో పట్టిన రెండు చిన్న చేపలను చెంబులో తెచ్చి, అక్కను మురిపించాలని అందులో వేసింది నేనే. రోగం వాటితో వచ్చిందని ఒట్టు వేయలేను, రాలేదని కూడా వేయలేను. పది రోజుల్లో డబ్బ ఖాళీ అయింది. ఆఖరున పోయింది నల్ల తోకది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అక్క, "గివి గూడ," అన్నది. అంతే. మళ్లీ మాట ఆగిపోయింది. ఈసారి బీడీలు కూడా చేయలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అత్త పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. బావకు ఉత్తరం పోతే నాలుగో రోజుకు దిగాడు. గుమ్మంలోంచి ఆమె వీపు చూసి, నన్ను బయటికి పిలిచాడు. "రాజిగా, జగిత్యాలకు పో. అవే చేపలు, నల్ల తోకది గూడ ఉంటదేమో చూడు. ఇది మళ్ల లేవకపోతే ఇగ లేవదు," అన్నాడు. నాకు అదంతా అర్థమైందని, మెరుపులా పోయి మెరుపులా వచ్చానని చెబుతుంటాను.

అర్థమైన మాట నిజమే. కానీ యూసుఫ్ భాయ్ చేపలు ఇవ్వలేదు. కంటికి పెట్టుకున్న చిన్న భూతద్దం తీసి, నేను చెప్పిందంతా విని, ఈ దుకాణం ఆమె చెప్పినవే చెప్పాడు. నీళ్లు, ఇసుక, దొడ్డుప్పు, ఎండ. కొత్తవాటిని పది రోజులు వేరే గోలెంలో ఉంచడం. చివర్న, నేను లేవబోతుంటే, "ఇంట్ల బీడీలు చేస్తరా? చేతులు సబ్బుతోటి కడుక్కోని మేత ఎయ్యమను. తంబాకు చేపలకు మంచిది కాదు," అని కూడా అన్నాడు. "ఎనిమిది రోజులైనంక రా బేటా, అప్పుడు ఇస్త."

"అన్నీ చేసే అచ్చిన భాయ్," అన్నాను.

"నిజంగ చేసినవా, చేసిన్నని చెప్తున్నవా?"

"మా అక్క మీద ఒట్టు," అన్నాను.

ఒట్టు వేయడానికి ఇంకో పేరు దొరకలేదా అని ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటాను. చేసిందల్లా డబ్బలో నీళ్లు పారబోసి ఒకసారి తొలచడం. ఇసుక అదే, తడి కూడా ఆరలేదు. ఎందుకు అబద్ధం ఆడావంటే, ఆ సాయంత్రమే అక్క లేచి కూర్చోవాలని. ఇది అబద్ధం కాదు. కానీ ఇది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, జగిత్యాలలో మ్యాట్నీ చూసి చాలా రోజులైంది. ఎనిమిది రోజుల తర్వాత బావ తనే వస్తే నాకు ఆ అవకాశం ఉండదు. ఏడు చేపలను పాల క్యానులో పోయించుకుని సినిమా హాలుకు పోయాను. క్యాను రెండు కాళ్ల మధ్య పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. ఫైటింగ్ వచ్చినప్పుడల్లా కాళ్లు తన్నుకునే అలవాటు నాకు. పక్కాయన, "ఏంది తమ్మీ, పాలు చిలుకుతున్నవా?" అన్నాడు. ఈ ముక్క చెప్పినప్పుడు బస్సు బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని.

ఇంటికి రాగానే క్యానులోని నీళ్లతో సహా అంతా డబ్బలో గుమ్మరించాను. నల్ల తోకది దొరికింది. అక్క మంచం మీదినుంచి తల తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, అత్తను రొట్టె అడిగింది. వేలు నీళ్లలో పెట్టింది. బావ గుమ్మంలో నిలబడి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా జన్మలో నాకు దొరికిన పెద్ద మెప్పు అదే. ఆ మెప్పులో పడి, చేతులు సబ్బుతో కడుక్కోవాలన్న సంగతి అక్కకు చెప్పడం మరిచిపోయాను.

అయిదో రోజు పొద్దున, ఎవరూ లేవకముందు, ఒక చేప తోక మీద రెండు తెల్ల రవ్వలు చూశాను. చూసి, దాన్ని చెంబుతో తీసి, వెనక మోరీలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు. ఒకటి తగ్గిందని అక్క అడిగితే రాత్రి ఇంట్లోకి పిల్లి దూరిందేమో అన్నాను. ఏడో రోజుకు మిగతావన్నీ తేలాయి. వాటి మీద చుక్కలు నేను చూడలేదు. చూడలేదో, చూడదలుచుకోలేదో.

బావ నన్ను వాకిట్లో పట్టుకున్నాడు. "ఏం చేసినవ్‌రా? ఆయన ఏం జెప్పిండు, నువ్వేం చేసినవ్?" చొక్కా పట్టుకుని అడిగాడు. అప్పటికి ఆరు రోజులుగా నేను ఆ ఇంటికి దేవుణ్ని. వారం కూడా కాని దేవుడు పదవి దిగడానికి ఒప్పుకుంటాడా? "నాదేం లేదు బావా," అన్నాను. "యూసుఫ్ భాయ్ జెప్పిండు, తంబాకు చేతులు నీళ్లల్ల వెడితే చేపలు సస్తయట. అక్క గా చేతులతోనే పెడ్తది గదా."

బావ చొక్కా వదిలేశాడు. అక్క గడప మీద ఉంది, విన్నది. రాజవ్వత్త ఆకు కత్తిరిస్తూ కత్తెర ఆపింది. "గా చేతులతోనే గదా పిల్లకు పాలిచ్చింది," అన్నది. "చాట ఒళ్లె పెట్టుకోనే ఇచ్చింది." ఆమె తిట్టినట్టు అనలేదు. బియ్యంలో రాయి కనబడితే తీసి పక్కన పెట్టినట్టు అన్నది. ఆమె కూడా అట్లాగే పాలిచ్చి నలుగురిని పెంచింది. ఆ సంగతి ఆమెకూ గుర్తు రాలేదు, మాకెవరికీ గుర్తు రాలేదు.

అక్క తన చేతులు చూసుకుంది. గోలెం దగ్గరికి పోయి కడుక్కుంది. బూడిదతో కడిగింది, సబ్బుతో కడిగింది, మళ్లీ బూడిదతో. నేను పోయి, "అక్కా, ఉత్తగనే అన్న, అట్లేం కాదు, నేనే డబ్బ కడగలే," అని ఉంటే ఆ పూట నాలుగు దెబ్బలతో పోయేది. దెబ్బలకు భయపడ్డానని అనుకున్నా బాగుండేది. భయపడింది బావ చెయ్యి నా భుజం మీదినుంచి పోతుందని. పోనే పోయింది, అది వేరే మాట. నెల తిరక్కుండా నేను సిరిసిల్ల వచ్చేశాను. ఆ అద్దాల డబ్బలో తర్వాత ఉల్లిగడ్డలు పోశారు.

ఆ ఏడు నెలలు గుర్తున్నాయా? అవే చేతులు, అదే తంబాకు, అదే రొట్టె. మొదటి ఆరు చేపలూ ఆ వేళ్లు చప్పరించి ఏడు నెలలు బతికాయి. ఈ చిన్న సంగతి ఆలోచిస్తే అక్క ఆ రోజే తేరుకునేది. ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది. ఆ రోజే తట్టింది.

అక్క బీడీలు మానలేదు. మర్నాడే చాట ఒళ్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో ఇంకో పని లేదు. కానీ ఆ తర్వాత ఆమె ఎవరి పిల్లలనూ ముట్టుకోలేదు. ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు. కలగలేదో, వద్దనుకుందో బావకు తెలియాలి, ఆయన కూడా ఇప్పుడు లేడు. నా బిడ్డ తొట్టెలకు జగిత్యాల వచ్చింది. అందరూ పిల్లను చేతులు మార్చుకుంటుంటే, అక్క చేతులు రెండూ కొంగులో చుట్టుకుని గోడకు నిలబడింది. "ఎత్తుకో అక్కా," అంటే, "నువ్వే వట్టుకోరా, నేను జూస్త. ఈడికెల్లి మంచిగ కనవడ్తది," అన్నది. మా ఇంటామె అప్పుడు నొచ్చుకుంది, తనకు పిల్లలు దక్కలేదని మనసులో పెట్టుకున్నదేమో అనుకుంది. నేను సర్దిచెప్పాను. ఏం చెప్పి సర్దానో గుర్తు లేదు, ఏదో అబద్ధమే. బస్సుల్లో మాత్రం, ఆఖరు ట్రిప్పులో జనం పల్చబడ్డాక, ధర్మపురి దాకా ఈ కథే చెప్పేవాణ్ని. పంతొమ్మిదేళ్ల పిల్లగాడు చేపల చావుకు కారణం ఎట్లా కనిపెట్టాడో, పశువుల డాక్టరు కూడా ఎట్లా నోరెళ్లబెట్టాడో. అసలు జరిగినదాంట్లో పశువుల డాక్టరు లేనేలేడు.

ఇప్పుడు అన్నీ తెలుస్తాయి. దుకాణం ఆమె దగ్గర నీళ్లలో ముంచితే రంగు మారే కాగితాలున్నాయి, వేడి చూసే గొట్టాలున్నాయి, చుక్కల రోగానికి సీసాలో మందు ఉంది. మనవరాలు ఫోన్‌లో వెతికి పెట్టింది: తంబాకు నీళ్లలో కలిస్తే చేపలు చస్తాయట, నిజమే. ఎంత కలిస్తే అంటే దానికి కూడా ఏదో లెక్క ఉంది. రొట్టె నలిపిన రెండు వేళ్లకు ఎంత అంటుకుని ఉంటుందో ఆ లెక్కలో లేదు. చంటిపిల్లల సంగతి ఒక డాక్టరమ్మను అడిగాను. దుమ్ము మంచిది కాదు పెద్దాయనా, కానీ ఒక పిల్ల ఎందుకు పోయిందో ఇన్నేళ్ల తర్వాత ఎవరు చెప్తారు, అన్నది. అప్పుడు మాకు తెలిసింది గడియారాలాయన చెప్పిన నాలుగు మాటలు. ఆ నాలుగూ చాలేవి. వాటిని ఇంటిదాకా మోసుకొచ్చే మనిషి సరైనవాడు కాలేదు, అంతే.

ఈసారి చెప్పినవన్నీ చేశాను. ఇసుక పడేశాను, దొడ్డుప్పుతో మోకాళ్ల మీద కూర్చుని రుద్దాను, డాబా మీద ఎండబెట్టాను. జోలికి పోవద్దన్నన్ని రోజులూ పోలేదు. దుకాణం ఆమె నమ్మక, ఫోటో పంపమంటే పంపాను. నాలుగే చేపలు తెచ్చి, ఎర్ర బకెట్‌లో రెండు వారాలు పెట్టాను. నిన్న తొట్టిలో వేశాను. బతికే ఉన్నాయి, చుక్కల్లేవు, మేత తింటున్నాయి. మా ఇంటామె పీట మళ్లీ దగ్గరికి జరుపుకుంది. అవి అట్లా హాయిగా తిరుగుతుంటే నాకు చూడబుద్ధి కావడం లేదు. అప్పుడు యూసుఫ్ భాయ్ ఆగమన్నది ఎనిమిది రోజులు, అంతే.

అక్క పోయే ముందు ఒకసారి కోరుట్ల వెళ్లాను. బావ తమ్ముడి కొడుకు ఇంట్లో ఉండేది. దగ్గుతో మాట తెగి తెగి వస్తున్నది. కోడలు వంటింట్లోకి పోయేదాకా ఆగి, నన్ను దగ్గరికి రమ్మన్నది.

"రాజిగా, ఒకటి అడుగుత. పరాష్కాలు ఆడకు."

"అడుగక్కా."

"గప్పుడు చేపలు... నిజంగ నా చేతులతోనేనా?"

చెప్పాలనే నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, ఇందులో పెంచి చెప్పడం లేదు. ఎదురుగా ఆమె చేతులు దుప్పటి మీద ఉన్నాయి. కాదక్కా, నేను డబ్బ కడగలేదు, సినిమాకు పోయాను అంటే, నా బిడ్డను ఎత్తుకోకపోవడం, దాని పిల్లలను ఎత్తుకోకపోవడం, వాడలో ఎవరి పిల్లలనూ దగ్గరికి తీసుకోకపోవడం, అంతా ఉత్తదే అని చెప్పినట్టు. నేను అందుకే చెప్పలేదని మీతో అంటే నమ్ముతారు. నాకే నమ్మకం లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు కూడా నాకు ఏదో ఒక మంచి కారణం దొరికింది.

"అవునక్కా," అన్నాను. "యూసుఫ్ భాయ్ జెప్పిండు గదా."

అక్క కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. మొహం మెత్తబడింది. "గంతే అయితే మంచిదే రా. ఉత్తగనే పిల్లలకు దూరమున్ననేమో అని, ఈ నడుమ ఒక్కటే గాబరయితుండె," అన్నది.

కోడలు చాయ్, బిస్కెట్లు తెచ్చి మంచం మీద పెట్టింది. అక్క కొంగు చివర చేతికి చుట్టుకుని, దానితో ప్లేటు అంచు పట్టి నా వైపు జరిపింది. "తిను," అన్నది. నేను తిన్నాను.